ప్రకటనలు రాని కంప్యూటర్

నవంబర్ 3, సోమవారం

పదిహేడో రోజు. ఆట ముట్టుకోలేదు.

రోజూ ఏదో ఒకటి రాసుకోమని జెస్సీ చెప్పింది. దెందులూరు హైస్కూల్లో మాది ఒకే బెంచీ. ఇప్పుడది తాడేపల్లిగూడెంలో ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటోంది. "ఆట అని ఊరుకోకు, పేరు పెట్టి రాయవే" అంది. సరే, ఆన్‌లైన్ రమ్మీ. రెండేళ్ళు. ముందు ఫోనులో, తర్వాత కంప్యూటర్‌లో కూడా. ఏం పోయిందో మా ఆయనకూ నాకూ తెలుసు. అది ఇక్కడ రాయను.

నా ఫోను ఆయన తీసేసుకుని బటన్ల ఫోను కొనిచ్చారు. కంప్యూటర్ తీసెయ్యడానికి మాత్రం వీల్లేదు. తివాచీల డిజైన్లు దాని మీదే గీస్తాను. తాడేపల్లిగూడెం చంద్రకళ గారు తన దుకాణం కోసం కొల్లేరు పక్షులతో ఒక పెద్ద తివాచీ అడిగారు. ఇరవయ్యో తారీకుకి డిజైను ఇవ్వాలి. దానికి గూడబాతుల ఫోటోలు కావాలి. ఫోటోలున్న ప్రతి సైటులోనూ పక్కనే రమ్మీ ప్రకటన. ఈ ఆటల్ని ప్రభుత్వం ఆపేసిందని అందరూ అన్నారు గానీ, పేర్లు మార్చుకుని వస్తూనే ఉన్నాయి. ఇవాళ ఒకటి సరిగ్గా గూడబాతు ముక్కు మీదికి ఎక్కి కూర్చుంది. మూసే గుర్తు ఆవగింజంత. మూయబోతే తెరుచుకుంది. ప్లగ్గు పీకేశాను.

అరగంట దాకా మళ్ళీ తగిలించలేదు.

జెస్సీకి ఫోన్ చేశాను. ప్రకటనలు రాకుండా చెయ్యడానికి ఒకటి కాదు, చాలా దారులున్నాయట. నాకు ఇన్నాళ్ళూ ఈ సంగతే తెలియదు. అన్నీ ఒక్కొక్కటిగా పెట్టి చూస్తాను. ఏది బాగా పనిచేస్తుందో తేలుస్తాను.

నవంబర్ 5, బుధవారం

మొదటి పద్ధతి పెట్టేశాను. బ్రౌజర్‌కి తగిలించే ఎక్స్‌టెన్షన్. రెండు నిమిషాల పని. మూలన చిన్న గుర్తు, దాని మీద ఆ పేజీలో ఎన్ని ఆపిందో అంకె.

పరీక్షకి పది సైట్లు ఎంచుకుని గ్రాఫ్ కాగితం మీద గళ్ళు గీశాను. వార్తలవి రెండు, వంటలది ఒకటి, పక్షులవి మూడు, డిజైన్లవి మూడు, వీడియోలది ఒకటి. ఫలితం చూసి నాకు నిలబుద్ధి కాలేదు. పదింటిలో తొమ్మిది శుభ్రం. వీడియోల ముందు వచ్చేవి కూడా పోయాయి. వార్తల పేజీ ఊడ్చి ముగ్గేసిన వాకిలిలా ఉంది. ఆ ఒక్క వంటల సైటు మాత్రం, ఎక్స్‌టెన్షన్ తీసేస్తేనే చూపిస్తానని భీష్మించుకు కూర్చుంది. దాన్నే వదిలేశాను.

పక్క గదిలోంచి మామ గారు, "ఏంటమ్మా, ఒక్కదానివే నవ్వుకుంటున్నావు?" అన్నారు.

"ఏం లేదు మామా, పని కుదిరింది."

ఆయన కుడి మణికట్టు ఇంకా కట్టులోనే ఉంది. అక్టోబర్ పదిహేడున స్నానాల గదిలో జారి పడ్డారు. డెబ్బై ఒక్కేళ్ళు. అందులో యాభై ఐదేళ్ళు తంగెళ్ళమూడిలో, ఇంట్లో ఉన్న ఇదే మగ్గం మీద తివాచీలు నేశారు. ఊళ్ళో దాదాపీర్ వేసిన ముడి అంటే ఊడదని పేరు.

ఆ పదిహేడో తారీకు గురించి తర్వాత రాస్తాను.

నవంబర్ 6, గురువారం

ఎక్స్‌టెన్షన్‌లో ఒక లోపం. ఒక్క నొక్కుతో ఆగిపోతుంది. ఊరికే చూశాను. వెంటనే మళ్ళీ పెట్టేశాను.

నవంబర్ 7, శుక్రవారం

రెండో పద్ధతి. ఇది అద్భుతం. కంప్యూటర్ లోపల హోస్ట్స్ అని ఒక ఫైలు ఉంటుంది, చిరునామాల పుస్తకం లాంటిది. ప్రకటనలు పంపే సైటు పేరు అందులో రాసి, ముందు నాలుగు సున్నాలు పెడితే చాలు. కంప్యూటర్ ఆ పేరు కోసం వెళ్ళి, అక్కడ ఎవరూ లేరని తిరిగొచ్చేస్తుంది. బ్రౌజర్ ఏదైనా సరే. ఎవరో పుణ్యాత్ములు వేల పేర్ల జాబితా తయారుచేసి పెట్టారు. మొత్తం అతికించాను. ఆ తర్వాత నాకు గుర్తున్న రమ్మీ సైట్ల పేర్లు నా చేత్తో టైపు చేశాను. పద్నాలుగు పేర్లు. చూడకుండా వచ్చేశాయి.

ఎక్స్‌టెన్షన్ తీసి, దీన్ని ఒక్కదాన్నే పరీక్షించాను. పదింటిలో ఆరు శుభ్రం. ప్రకటన పోయినచోట ఖాళీ గడి మిగులుతోంది, పన్ను ఊడిన చోటులా. వీడియోల ముందువి ఆగలేదు. కొత్త పేరుతో ఎవడైనా వస్తే మళ్ళీ నేనే రాసుకోవాలి. కానీ ఒక్క నొక్కుతో తీసెయ్యడం కుదరదు. ఫైలు వెతకాలి, అనుమతి ఇవ్వాలి, చెరపాలి. కనీసం మూడు నిమిషాలు.

నాకు ఆ మూడు నిమిషాలే నచ్చాయి.

నవంబర్ 9, ఆదివారం

జెస్సీ పాసింజర్‌లో వచ్చింది. నా గళ్ళ కాగితం చూసి కళ్ళు పెద్దవి చేసింది. "మా పిల్లలు కూడా రికార్డు ఇంత శుభ్రంగా రాయరే" అంది. గర్వంగా అనిపించింది. చాలా రోజులైంది అలా అనిపించి.

మా ఆయన కూడా కాసేపు కూర్చుని విన్నారు. ఫహీమ్ గారంటే ముదినేపల్లి వైపు చేపల చెరువుల మోటార్లన్నింటికీ వైద్యుడు. ఏ యంత్రమైనా ఆసక్తే. "మరి ఇంట్లో అన్నింటికీ కలిపి ఒకేచోట ఆపలేమా అండీ?" అని జెస్సీని అడిగారు.

ఆపొచ్చట. అది మూడో పద్ధతి. ఇంటర్నెట్ రౌటర్‌లో రెండు నంబర్లు మార్చాలి. ఇంట్లోంచి ఏ పేరు అడిగినా ముందు ఒక జల్లెడ సర్వీసుకి వెళ్తుంది. చెడ్డ పేరైతే వాళ్ళు దారి చెప్పరు. నాలుగోది ఇంకా గొప్పది. అరచేతిలో పట్టే బోర్డు కంప్యూటర్ రౌటర్‌కి తగిలిస్తే జల్లెడ మన ఇంట్లోనే ఉంటుంది. ఎన్ని ఆపిందో, ఏ పేరు ఆపిందో అంతా లెక్క చూపిస్తుంది. ల్యాబులో పాతదొకటి పడుంది, పంపిస్తానంది.

ఆయన లేచి వెళ్ళాక జెస్సీ గొంతు తగ్గించింది.

"మెహర్, ఒక మాట. ప్రకటన నీ దగ్గరికి రాకుండా ఇవన్నీ ఆపుతాయి. నువ్వే దాని దగ్గరికి వెళ్తే ఆపవు. తాళంచెవులు నీ దగ్గరే ఉంటే ఏ పద్ధతైనా ఒకటే."

"నేనెందుకు వెళ్తానే? ఇరవై మూడు రోజులైంది."

"పాస్‌వర్డులు ఫహీమ్ గారికి ఇచ్చెయ్యి."

"పరీక్షలయ్యాక ఇస్తాను. మధ్యలో ఇస్తే ఎలా మార్చుకోను?"

జెస్సీకి చిన్నప్పటి నుంచీ భయం ఎక్కువ.

నవంబర్ 10, సోమవారం

మూడో పద్ధతి: పదింటిలో ఏడు శుభ్రం. ఆయన ఫోనులో కూడా ఆగాయి, ఇంట్లో ఉన్నంతసేపే. చంద్రకళ గారు పంపిన అంచుల నమూనా లింకు కూడా తెరుచుకోలేదు. ఎందుకు ఆపారో అడుగుదామంటే అవతల మనిషి లేడు. బోర్డు ఎప్పుడొస్తుందో.

నవంబర్ 12, బుధవారం

వచ్చింది. పెట్టాను. పొద్దున్న పది నుంచి మూడు దాకా కూర్చుని నేనే పెట్టాను. రెండుసార్లు తప్పింది, మూడోసారి వెలిగింది. అన్నం తినడం మర్చిపోయాను. మామ గారికి మాత్రం టైముకే పెట్టాను.

తెర మీద లెక్క కదులుతుంటే చూడాలి. ఇంట్లో ఎవరూ ఏమీ చెయ్యకపోయినా ఆయన ఫోను ఒక్కటే గంటలో రెండొందల సార్లు ఎక్కడికో పోవాలని చూసింది. అన్నీ ఆగాయి. 412. 630. 1,018. అంకె మారినప్పుడల్లా గుండె దడదడ. ఇది మంచి దడ. పదింటిలో ఎనిమిది శుభ్రం. దీనికి తోడు ఎక్స్‌టెన్షన్ కూడా ఉంటే పదికి పదీ. వంటల సైటు కూడా లొంగింది.

సాయంత్రం ఆయన వచ్చేసరికి 2,300 దాటింది. చూపించాను. "నువ్వు ఇంత హుషారుగా ఉండి ఎన్నాళ్ళయింది" అన్నారు.

గూడబాతు ఒక్కటీ గియ్యలేదు. రేపు గీస్తాను.

నవంబర్ 13, గురువారం, మధ్యాహ్నం

ఒక పెద్ద తప్పు చేశాను ఈ పరీక్షలో. ఏ అడ్డూ లేకుండా ఎన్ని ప్రకటనలు వస్తాయో అసలు లెక్కపెట్టనేలేదు. అది లేకపోతే నాలుగింటినీ దేనితో పోల్చాలి? ఇవాళ అన్నీ తీసి ఒక్కసారి లెక్కపెడతాను. పది సైట్లు, పది నిమిషాలు. మళ్ళీ అన్నీ పెట్టేస్తాను.

నవంబర్ 14, శుక్రవారం

రాయను.

నవంబర్ 15, శనివారం

రాస్తాను.

పది సైట్లూ లెక్కపెట్టాను. నూట ఆరు ప్రకటనలు. కాగితం మీద రాశాను కూడా. తర్వాత నూట ఏడోది నొక్కాను. డబ్బు పెట్టని ఆట, నేర్చుకునేవాళ్ళ కోసం. దాంతో ఏం పోతుంది అనుకున్నాను. ఎంత పెద్ద గట్టు కట్టినా, కంత పెట్టిన చోట నీళ్ళు ఎలా వస్తాయో అలా వచ్చేసింది మొత్తం. పదమూడు ముక్కలు చేతికి రాగానే ఇరవై ఏడు రోజులు ఎక్కడికి పోయాయో తెలియదు.

మూడు గంటలు ఆడాను.

మధ్యలో మామ గారు పిలిచారు. "అమ్మా మెహర్, కాస్త నీళ్ళు."

"వస్తున్నా మామా" అన్నాను. చేతిలో ముక్క వదలలేదు.

ఆ మాట అన్నాక నా గొంతు నాకే వినిపించింది. అదే గొంతు. పదిహేడో తారీకు నాటిది.

అది కూడా రాస్తాను. అక్టోబర్ పదిహేడు, మధ్యాహ్నం మూడు. మామ గారు స్నానాల గదిలో పడ్డారు. మూడుసార్లు పిలిచారు. నేను ఇవతల కంప్యూటర్ ముందు ఉన్నాను. "వస్తున్నా" అన్నాను. ఆట పూర్తి చేసి లేచాను. ఎంతసేపంటే పదకొండు నిమిషాలు, ఆట గడియారం చూపిస్తుంది. ఆయన తడినేల మీద, విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, గోడకి ఆనుకుని ఉన్నారు. అందరికీ నేను మేడ మీద బట్టలు తీస్తున్నానని చెప్పాను. ఆయన కూడా, "అవును, పైన ఉంది" అన్నారు. నా మాట ఆయనకు వినపడలేదని అనుకున్నాను. అలా అనుకోవడమే నాకు సుఖంగా ఉంది.

నిన్న రోజంతా ఆయన ముఖం చూడలేకపోయాను. ఇవాళ పొద్దున్న టీ ఇచ్చి, అక్కడే కింద కూర్చున్నాను.

"మామా, ఆ రోజు నేను మేడ మీద లేను."

ఆయన గ్లాసు ఎడమ చేత్తో పక్కన పెట్టారు. "తెలుసమ్మా. వస్తున్నా అన్నావుగా. విన్నాను."

"మరి పైన ఉందని చెప్పారేం?"

"నీ నోటితో నువ్వే చెబుతావని చూశాను."

"నెల రోజులయింది మామా."

"ఒక్కో తివాచీకి ఆరేసి నెలలు కూర్చున్నవాణ్ణి. నెల నాకెంత."

నాకు ఏడుపొచ్చింది. ఆయన ఊరుకోమనలేదు. కాసేపయ్యాక అన్నారు, "కోపం లేదనుకోకు. ఉంది. ఈ చెయ్యి మళ్ళీ ముడి వేస్తుందో లేదో డాక్టరు గారు కూడా తేల్చి చెప్పడం లేదు. వాడికి మాత్రం నేను చెప్పను. నువ్వే చెప్పాలి."

సాయంత్రం మా ఆయనకు చెప్పాను. రెండూ చెప్పాను, గురువారం సంగతీ, ఆ రోజు సంగతీ. ఆయన బయటికి వెళ్ళి బండి తుడిచారు. శుభ్రంగా ఉన్న బండినే చాలాసేపు తుడిచారు. లోపలికి వచ్చి, "అన్నం పెట్టు" అన్నారు. తింటూ, నా వైపు చూడకుండా, "జెస్సీ గారిని రేపు రమ్మను" అన్నారు.

నవంబర్ 16, ఆదివారం

జెస్సీ వచ్చింది. నేను చెప్పలేదా అని ఒక్క మాట కూడా అనలేదు.

మూడు తాళాలు వెయ్యాలంది. రౌటర్‌కి ఒకటి, బోర్డుకి ఒకటి, కంప్యూటర్‌కి ఒకటి. కంప్యూటర్‌లో నాకు చిన్న ఖాతా చేసింది. నేను గియ్యొచ్చు, వెతకొచ్చు, దాచుకోవచ్చు. హోస్ట్స్ ఫైలు తాకలేను, నంబర్లు మార్చలేను, ఎక్స్‌టెన్షన్ తియ్యలేను. పెద్ద ఖాతాతో సహా పాస్‌వర్డులు ఆయనవీ, మామ గారివీ.

రెండింటివి ఆయన కొట్టారు. మూడోది, "నేను కొడతాను" అని మామ గారు లేచారు. నేను గోడ వైపు తిరిగాను. ఎడమ చేత్తో, ఒక్క వేలుతో, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొడుతున్నారు. ఒకచోట ఆగి, "అమ్మాయ్, ఇది రెండుసార్లు పడిందే" అన్నారు. "చెరపండి తాతగారూ, మళ్ళీ కొట్టండి" అని జెస్సీ. చాలాసేపు పట్టింది. గోడ వైపు తిరిగి నిలబడితే సిగ్గేస్తుందనుకున్నాను. భుజాల మీంచి ఏదో దిగినట్టుంది. నిజం చెప్పాలంటే ఎగిరి గంతెయ్యాలనిపించింది.

పోలిక తేలిపోయింది కాబట్టి రాసి పెడుతున్నాను. తేలికైనది, అందంగా ఊడ్చేది ఎక్స్‌టెన్షన్. హోస్ట్స్ ఫైలు మొండిది, ఓపిక ఉండాలి. రౌటర్ నంబర్లు ఇల్లంతా కాస్తాయి, ఏం చేశాయో చెప్పవు. బోర్డు ఇల్లంతా కాస్తుంది, అన్నీ చెబుతుంది. ఎవరైనా అడిగితే బోర్డూ, ఎక్స్‌టెన్షనూ కలిపి పెట్టుకోమంటాను. నాలాంటివాళ్ళు అడిగితే, ముందు ఇంట్లో వాళ్ళతో మాట్లాడి రమ్మంటాను.

అంకెలు చూసే పేజీ కూడా నాకు తెరవొద్దని నేనే చెప్పాను.

నవంబర్ 18, మంగళవారం

తొమ్మిది గూడబాతులు, రెండు రోజుల్లో. ఒక్క ప్రకటన లేదు. ఆటపాక పక్షుల కేంద్రం ఫోటోలు ఎన్ని చూశానో. వాటి పై ముక్కు అంచున వరసగా నీలం మచ్చలుంటాయని ఇన్నేళ్ళూ కొల్లేరు పక్కన ఉండి గమనించలేదు. చెట్టు మీద దిగేటప్పుడు కాళ్ళు ఎంత వికారంగా చాస్తాయో.

మామ గారు తెర దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నారు. "ఈ మెడ ఒప్పదు. కాగితం మీద వంపు బాగుంటుంది. నేతలో ముడి పక్కన ముడి వచ్చేసరికి మెట్లు మెట్లుగా కనబడుతుంది. ఇక్కడ రెండు ముడులు పెంచు." పెంచాను. మెడ తిరిగింది. ఆయనకు తెలిసింది ఏ సైటులోనూ లేదు.

సాయంత్రం దాకా సరిచేయించారు. చికాకు రాలేదు, ఎవరికీ.

నవంబర్ 20, గురువారం

ఏడో రోజు, మళ్ళీ మొదటి నుంచి లెక్క. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున్న ఏలూరులో పాసింజర్ ఎక్కాను, డిజైను గొట్టంలో చుట్టుకుని. దెందులూరు దాటాక పక్కన ఒకావిడ కూర్చుంది. నా ఈడే ఉంటుంది, ఒళ్ళో టిఫిన్ డబ్బా. ఫోను తీసింది. పేక కలిపే చప్పుడు వినబడింది. చూడకూడదనుకున్నాను, చూశాను. చేతిలో జోకరుంది. ఇస్పేటు ఏడు పారేస్తే చాలు, ఆట ఆవిడదే. ఆవిడ డైమను రాణి వైపు వేలు తీసుకెళ్తోంది. ఆవిడ వేలు ఎటు పోతే నా వేలు అటు పోతోంది.

బోర్డు ఇంట్లో ఉంది. జల్లెడా, హోస్ట్స్ ఫైలూ ఇంట్లోనే. తాళం వేసిన మనుషులూ ఇక్కడ లేరు.

ఆవిడ నా వైపు చూసి నవ్వింది. "మీకూ వచ్చాండీ?"

"వచ్చండి. బాగా వచ్చు. అందుకే లేస్తున్నాను."

పెట్టె కిక్కిరిసి ఉంది, వేరేచోట జాగా లేదు. తలుపు దగ్గరికి వెళ్ళినా ఆ చప్పుడు వినబడుతూనే ఉంది, లేదా నాకే అలా అనిపించింది. భీమడోలులో బండి ఆగింది. దిగిపోయాను. బండి వెళ్ళిపోయింది. నేనూ, గొట్టమూ ప్లాట్‌ఫారం మీద. లోపల ఎంత సంతోషమో చెప్పలేను. ఎవరూ ఆపలేదు. నేనే దిగాను.

ఆయనకు ఫోన్ చేశాను. అవతల చెరువు మోటార్ల హోరు.

"ఎక్కడున్నావు?"

"భీమడోలులో దిగిపోయానండి. బండిలో పక్కన ఆట ఆడుతున్నారు."

మోటారు ఒకటి ఆగింది, ఆయనే ఆపినట్టున్నారు. "ఏమైనా తిన్నావా?"

"లేదు."

"ముందు తిను. చంద్రకళ గారికి నేను ఫోన్ చేసి, బండి తప్పిందని చెప్పనా?"

"వద్దండి. నేనే చెబుతాను."

చెప్పాను. బండిలో రమ్మీ ఆడుతున్నారండి, నాకది పడదు, దిగిపోయాను, రెండు గంటలు ఆలస్యమవుతుంది అని. ఆవిడ, "అయ్యో, నాకు బస్సులో పెట్రోలు వాసన పడదండి, మధ్యలో దిగిపోతుంటాను. నెమ్మదిగా రండి" అన్నారు. ప్లాట్‌ఫారం మీద ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

తర్వాతి బండిలో వెళ్ళాను. దుకాణంలో డిజైను నేల మీద పరిచాను. చంద్రకళ గారు చెప్పులు విప్పి దాని చుట్టూ రెండుసార్లు తిరిగారు. "ఇది దిగుతోంది కదండీ, కాళ్ళు చాచి" అని ఒక పక్షిని చూపించి, చాలాసేపు అక్కడే నిలబడ్డారు. "మీ మామ గారికి చెయ్యి బాగోలేదన్నారు. మరి ఎవరు నేస్తారండి?"

"నేనేనండి. ఆయన పక్కన కూర్చుని చెబుతారు."

నేను ఎప్పుడూ గియ్యడమే గానీ నేసింది లేదు. ఆయన్ని అడగనూ లేదు. దారిపొడుగునా అదే ఆలోచన, భయం కొంత, ఉత్సాహం కొండంత.

ఇంటికి వచ్చేసరికి మామ గారు వాకిట్లో కుర్చీలో ఉన్నారు. చెప్పాను. మగ్గం వైపు చూశారు. నా వైపు చూశారు. ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుని, వేళ్ళు ఒక్కొక్కటీ తిప్పి చూశారు.

"ముందు గోళ్ళు తీసుకో అమ్మా" అన్నారు. "దారం పట్టుకుంటాయి."